లోపలి గొళ్ళెం

"ఎట్లాగూ వండుతనే ఉంటవు గదా, ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యి" అన్నడు మా ఇంటాయన.

నేను బియ్యం చెరుగుతున్న. చాట ఆపలేదు. ఆపితే కోపం వచ్చిందనుకుంటడు. కోపం ఎందుకొచ్చిందని మాత్రం అడుగడు, "ఏమైంది నీకు గిప్పుడు" అంటడు. ఆ మాట పెండ్లైనప్పటి సంది వింటున్న. అందుకే చెరుగుకుంటనే ఎవరికని అడిగిన. మ్యూజియంకు ఒక ఆర్టిస్టమ్మ వస్తుందట, కాకినాడ నుంచి. మూడు నెలలు ఉంటదట. ఉండి బొమ్మలు వేసుకుంటదట. దాన్ని రెసిడెన్సీ అంటరట. ఉండనీకి అర్ర ఇస్తరు, మంచం ఇస్తరు, అన్నం పెడతరు, ఆమె చేసేదల్లా ఆమె పని ఆమె చేసుకొనుడే. తిండి సంగతి ఎట్లనని మ్యూజియం నడిపే జలపతి సారు రంది పడుతుంటే, మా ఇంటి నుంచి పంపిస్తమని మా ఇంటాయన కమిటీ మీటింగుల లేచి నిలబడి చెప్పిండట. అందరు చప్పట్లు కొట్టిండ్రట.

"ఏ అర్ర ఇస్తున్నరు?" అని అడిగిన.

"పైది. ఇంకేమున్నది ఆడ?"

అప్పుడు చాట ఆగింది. ఆయన చూడలేదు.

మా సిరిసిల్లల సాంచాల చప్పుడు వినపడని జాగ దొరుకుడు కష్టం. సాంచాలంటే కరెంటు మగ్గాలు. మా వాడకట్టు నిండ అవే. మా కొడుకు శ్రీశైలం కూడా వాటి మీదనే పని చేస్తడు. పండుగ నాడు అవి ఆగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తరు. ఒక్క పాత నూలు గోదాముల మాత్రం చప్పుడు లోపలికి రాదు, గోడలు అంత మందం. బడిల డ్రాయింగు చెప్పి రిటైరైన జలపతి సారు వాడకట్టు పెద్దమనుషులను వెంటేసుకొని ఆ గోదామును మ్యూజియం చేసిండు. కింద ఒక గుంట మగ్గం, పాత రాట్నాలు, బోర్డులు రాసే పెయింటర్లు వేసిన బొమ్మలు పెట్టిండు. అద్దాల పెట్టెల ఒక చీర ఉన్నది. కింద చిన్న కార్డు మీద "నేత: హన్మండ్లు" అని రాసి ఉంటది. మా ఇంటాయన పేరే.

పైన ఒకటే అర్ర. అండ్ల రెండు బీరువాల పుస్తకాలు, ఒక కుర్చీ, ఒక కిటికి. దర్వాజకు లోపలి నుంచి గొళ్ళెం. నేను ఆడ పుస్తకాలు చూస్తనని సారుకు తెలుసు, ఆ గొళ్ళెం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పగటి అన్నాలైనంక, అంట్లు తోమినంక, మళ్ల చాయ్ పెట్టేదాక నడుమ కొంచెం సేపు ఉంటది గదా, ఆ కొంచెం సేపు నేను పైకి పోయి గొళ్ళెం పెట్టుకొని చదువుకునేదాన్ని. ఇంట్ల మాత్రం మ్యూజియం ఊడ్వనీకి పోతున్ననని అనుకుంటరు. ఊడ్చేదాన్ని కూడా. ఊడ్చినంకనే కుర్చీల కూసునేదాన్ని. ఊరికెనే కూసున్నట్టు ఉండొద్దు గదా.

నేను బడికి పోలేదు. మాది కోరుట్ల. నేను చిన్నగున్నప్పుడే మా నాయన భీవండి పోయి సాంచాల మీద పని చేస్తనని బస్సెక్కిండు. మళ్ల రాలేదు. బస్సు పోయిన దిక్కు చూసుకుంట మా అవ్వ, అంటే అమ్మ, నిలబడ్డ తీరు నాకు యాదికున్నది, నాయన మొఖం యాదికి లేదు. అప్పటి సంది ఎవరన్న సంచి సర్దుకుంటుంటే నాకు చూడబుద్ధి కాదు. బిడ్డ గీత జగిత్యాలల అత్తగారింటికి పోయేటప్పుడల్లా, బస్సు మలుపు తిరిగినంక కూడా నేను ఆడనే ఉంట. ఇంటికొచ్చి గ్యాసు బంద్ చేసిన్నా లేదా అని రెండు సార్లు చూసుకుంట. చేసే ఉంటది. అయినా చూసుకుంట.

నాకు చదువు కండెల కాడ వచ్చింది. మగ్గం ఉన్న ఇంట్ల ఆడది కండెలు చుట్టాలె. మగ్గంల అటు ఇటు ఉరికే నాడెల పెట్టేటి నూలు కండెలు. కుడి చేత్తోని రాట్నం తిప్పాలె, ఎడమ చేతి వేళ్ళల్ల పోగు పట్టాలె. శ్రీశైలం బడికి పోతున్నప్పుడు వాడు పక్కన కూసొని పాఠం బయటికి చదివేటోడు. వాని పుస్తకం ముందట పరిచి పెట్టుమని, వాని నోటి మాట వెంట అక్షరాల మీద నా కన్ను నడిపించేదాన్ని. అట్ల నేర్సుకున్న. కని రెండు చేతులు పనిలనే ఉండె. కండె నిండేదాక పేజీ తిప్పరాదు. ఆ రెండు పేజీలనే మళ్ల మళ్ల చదివేదాన్ని. గాలికి పేజీ తిరిగిపోతే కథ ఆడికే తెగిపోయేది. ఒకసారి కాలి బొటనవేలితోని తిప్పబోతే మా అత్త చూసి, సదువుల తల్లిని కాలుతోని తంతున్నవా అని నా మీదికి లేసింది. "పుస్తకం మీద కాదు, పోగు మీద పెట్టు కన్ను" అన్నది. మా ఇంటాయన మగ్గం గుంటల నుంచి తల ఎత్తకుంటనే, "చదివి ఏ ఊరు ఏలుతది" అన్నడు. ఆ మాట నాతోని కూడా అనలేదు. వాళ్ళ అవ్వతోని అన్నడు.

ఆ పై అర్రల నేను రెండు చేతులతోని పుస్తకం పట్టుకునేదాన్ని. తిప్పాలనిపించినప్పుడు పేజీ తిప్పేదాన్ని. నాకు తెలిసిన సుఖం అదొక్కటి.

"మూడు నెలలు జర సర్దుకో వదినె" అన్నడు జలపతి సారు. బీరువాలు కిందికి దించి మెట్ల కింద గోడ దిక్కు తిప్పి పెట్టిండ్రు. కావాలంటే పుస్తకాలు ఇంటికి తీసుకపొమ్మన్నడు. ఇంటికి తెచ్చుకుంటే ఏమైతదో ఆయనకు తెల్వదు. పుస్తకం పట్టుకొని కూసున్న ఆడది ఇంట్ల అందరికి ఖాళీగున్నట్టే కనవడుతది.

ఆమె పేరు నీల. నలభై ఉండొచ్చు. వెంట్రుకలు మెడ దాక కత్తిరించుకున్నది, మెడల పుస్తె ఉన్నది. మొదటి నాడు నేను కొత్త టిఫిన్ డబ్బల అన్నం, పప్పు, సోరకాయ కూర పెట్టుకొని, మోకాళ్ళ నొప్పులతోని ఆ మెట్లెక్కిన. దర్వాజ మూసి ఉన్నది. నా దర్వాజనే. కొట్టిన.

"అక్కడ పెట్టండమ్మా. పని చేసుకుంటున్నా" అన్నది లోపల్నుంచి.

గొంతు మర్యాదగనే ఉన్నది. నేను డబ్బ కింద పెట్టి ఊకెనే నిలబడ్డ. లోపల చప్పుడు లేదు. మా దగ్గర పనికి చప్పుడుంటది. మగ్గానికి ఉంటది, రాట్నానికి ఉంటది, రోటికి ఉంటది, ఆఖరికి నా కోడలు స్వరూప బీడీలు చుట్టినా ఆకు కత్తిరించే చప్పుడుంటది. ఇదేం పని? వరండాల కిటికి జర తెరిచి ఉంటే తొంగి చూసిన. మంచం మీద ఎల్లకిల పండుకొని, రెండు చేతులు తల కింద పెట్టుకొని, దూలాల దిక్కు చూస్తున్నది.

ఆ దినమంత నాకు అన్నం సయించలేదు. ఎల్లకిల పండుకొని దూలాలు చూసే పనికి గొళ్ళెం పెట్టుకోవచ్చు. వండిన మనిషి బయట నిలబడాలె. అసూయ అనే మాట పుస్తకాలల్ల చదివిన. మా దిక్కు కడుపుల మంట అంటరు. ఆ మాటనే సరైంది. మెట్లెక్కుతున్నప్పుడు నిజంగనే అక్కడ కాలేది.

తర్వాత తర్వాత దర్వాజ తెరిచేది. పెద్దమ్మా కూర్చోండి అనేది. నేను కూసోలేదు. ఎక్కడ కూసోవాలె? కుర్చీ మీద రంగుల డబ్బలు పెట్టింది. కిటికి మీద ఆమె పావడ ఆరేసి ఉన్నది. నా కండ్లు మాత్రం అర్రంత తిరిగేవి. గోడకు ఆమె బిడ్డ ఫోటో అతికించి ఉంటే, ఒకనాడు మనసుల మంట మాట రూపంల బయటికొచ్చింది.

"గంత చిన్న పిల్లను ఇడిసిపెట్టి ఎట్ల అచ్చినవ్?"

నీల డబ్బ మూత తీస్తున్నది ఆగింది. "మా అత్తగారు కూడా ఇదే మాట అన్నారు పెద్దమ్మా" అన్నది. "మా ఆయన రెండేళ్ళు మస్కట్‌లో ఉన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు."

అడగరాని మాట అడిగిన్నని తెలుసు, అయినా మెట్లు దిగుతుంటే కొంచెం చల్లగనే అనిపించింది.

ఇంట్ల ఇంకో వింత. మా ఇంటాయన పొద్దుగాల లేచి గడ్డం గీసుకునుడు మొదలుపెట్టిండు. నీల ఆయన బొమ్మ వేస్తున్నది, గుంట మగ్గం మీద కూసోబెట్టి. పెట్టె అడుగున్న జరీ అంచు ధోతి తీపిచ్చిండు. ఇస్త్రీ నేనే చేసిన. రోజు రెండు పూటలు పోయి మగ్గంల కూసునుడు, ఆమె గీస్తుంటే ముచ్చట్లు చెప్పుడు. ఆయనకు అన్ని ముచ్చట్లు ఉన్నయని నాకు తెల్వదు. నాతోని మాట్లాడేటియి ఉప్పు, కారం, నీళ్ళు వచ్చినయా, అంతే. ఒకనాడు నేను డబ్బ పట్టుకొని లోపలికి పోయేసరికి, "తిన్నవా బిడ్డా? పొద్దు ఎక్కింది గదా" అని ఆమెను అడుగుతున్నడు. ఎంత మెత్తగ అడిగిండో. నేను గడప కాడనే ఆగిన. ఆ మాట నన్ను ఎప్పుడన్న అడిగిండా అని వెనుకకు పోయి పోయి వెతికిన. గీత పుట్టినప్పుడు కూడా దొరకలేదు.

ఆ రోజే అద్దాల పెట్టెల చీర గురించి చెప్పుకొచ్చిండు. ఒక్కన్నే నేసిన, రాత్రింబవళ్ళు నేసిన, చూసిన ఆఫీసర్లు ఇది మనిషి నేసిందా అని నోరెళ్ళబెట్టిండ్రు అని చెప్పిండు. నీల గీసుకుంటనే ఊ కొడుతున్నది. ఆ చీర నేసినప్పుడు గీత నా కడుపుల ఉన్నది. పడుగుకు గంజి పెట్టింది నేను, నా అత్త. పోగులు అతికింది నేను. ఎర్ర పట్టు కండెలు, ఆకుపచ్చ కండెలు అన్ని నా తొడ పక్కన గంపల ఉండె. పోగు తెగితే "కండె సరిగ చుట్టలే" అని ఆయన తిట్టిన తిట్లు కూడా ఆ చీరల ఉన్నయి. గడప కాడ నిలబడే ఆ మాట చెప్పొచ్చు. చెప్పలేదు. డబ్బ పెట్టి వచ్చిన.

స్వరూప ఉంటది గదా, నాతోని పొద్దంతకు నాలుగు మాటలు మాట్లాడదు, అది కూడా చాట పట్టుకొని మ్యూజియం అరుగు మీదికి పోయి నీల పక్కన బీడీలు చుట్టుడు మొదలుపెట్టింది. ఇద్దరు నవ్వుకునేటోళ్ళు. నేను పోతే నవ్వు ఆగేది. ఏం నవ్వుతున్నరే అని అడిగితే, "ఏం లేదు అత్తమ్మ, మగోళ్ళ ముచ్చట" అన్నది. నా అర్ర పోయింది, నా మొగడు పోయిండు, ఇగ కోడలు కూడా పోయిందనుకున్న. కోడలు ఎన్నడు నాది కాలేదన్న సోయి అప్పుడు రాలేదు.

అట్ల చూసుకుంట చూసుకుంట ఆమె పోయే దినాలు దగ్గరికొచ్చినయి. నేను లోపల్లోపల ఎదురుచూస్తున్న. సంచి సర్దుకునే మనిషిని చూసి సంతోషపడుడు నా బతుకుల అదే మొదలు. అప్పుడు జలపతి సారు ఇంటికొచ్చిండు. మంచం మీద కూసొని చాయ్ తాగుకుంట శుభవార్త చెప్పినట్టు చెప్పిండు. నీలమ్మకు ఇక్కడ మంచిగనిపించిందట. బొమ్మ అయిపోయింది, ఆదివారం అందరికి చూపెడతది, కని ఇంకో మూడు నెలలుండి గోడంత బొమ్మ వేస్తనంటున్నది.

"ఉండనీయుండ్రి సారు" అన్నడు మా ఇంటాయన. "ఇంకో గ్లాసు బియ్యమే నాయె."

నేను చాయ్ గిన్నెలు తీసుకున్న. నా నోటికెళ్ళి ఆ మాట ఎట్ల వచ్చిందో, అప్పటికప్పుడు పుట్టింది. "మన ఇంటి ఆడబిడ్డ లెక్క ఉన్నది. ఆదివారం నాడే అందరుంటరు గదా, ఒడిబియ్యం పోద్దాం" అన్న.

జలపతి సారు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. వదినె మనసు పెద్దది అన్నడు. మా ఇంటాయన కూడా నా దిక్కు తల తిప్పి చూసిండు. మగోళ్ళు ఇసొంటియి పైపైననే చూస్తరు. ఒడిల బియ్యం పోసుడు చూస్తరు, ఫోటోలు దిగుతరు, దాని వెనుక ఉన్న కట్టు వాళ్ళకు యాదికుండదు. మా దాంట్ల ఒడిబియ్యం పోసినంక ఆడబిడ్డ ఆ ఇంట్ల ఉండొద్దు. తెల్లారి గడప దాటాల్సిందే. ఉంటే ఆ ఇంటికి మంచిది గాదు, ఆమె కాపురానికి మంచిది గాదు. పోయి ఆ బియ్యం తన అత్తగారింట్ల వండి పదిమందికి పెట్టాలె. పుట్టింటోళ్ళు పోసింది కూడా మనమే వండి పెట్టాలె, అది వేరే ముచ్చట.

స్వరూప ఒక్కతి కనిపెట్టింది. బీడీ కట్టలు కడుతున్నది, చేతులు ఆపి నా మొఖం చూసింది. "పోస్తే ఆమె పోవాలె గదా అత్తమ్మ?"

"పోతది" అన్న.

ఆదివారం మ్యూజియం నిండ జనం. జలపతి సారు బొమ్మ మీది గుడ్డ తీసిండు. నేను చూడొద్దనుకున్న, కని చూసిన. బొమ్మ మంచిగున్నది, అబద్ధం ఎందుకు. మా ఇంటాయన మగ్గం మీద వంగి ఉన్నడు. మెడ మీది నరం, కండ్ల కింది ముడుతలు, నాడె పట్టుకున్న వేళ్ళు, అన్ని ఆయనయే. ఇంత అందమైన మనిషా అనిపించింది. నా కండ్లు ఆయన ఎడమ దిక్కు పోయినయి. మగ్గానికి ఎడమ దిక్కు రాట్నం ఉంటది. మా ఇంట్ల నేను కూసున్న జాగ అది. మ్యూజియంల కూడా ఆడ రాట్నం ఉన్నది. బొమ్మల లేదు. ఆ జాగల ఆమె కిటికి వెలుతురు వేసింది. అందరు ఆ వెలుతురును చూపెట్టి చూపెట్టి మెచ్చుకున్నరు.

ఇన్నొద్దులు కడుపుల మంట పడ్డందుకు ఏ మూలనో సిగ్గు ఉండె. ఆ వెలుతురు చూసినంక అది కూడా పోయింది.

నీలకు పట్టు చీర కట్టబెట్టినం. పీట మీద నిలబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరపండ్లు, రవికెకని కనుము ముక్క పెట్టి, ముందుగాల నేను దోసిలితోని పోసిన. తర్వాత వాడకట్టు ఆడోళ్ళు ఒక్కొక్కరు పోసిండ్రు. మా వైపు ఇలాంటిది లేదు అనుకుంట, కొంగు రెండు చేతులతోని గట్టిగ పట్టుకొని, చిన్నపిల్ల లెక్క నవ్వుతున్నది. నాకు ఒడిబియ్యం పోసి చానా ఏండ్లైంది. అవ్వ పోయినంక కోరుట్లల మా తమ్ముడు పిలుచుడు బంద్ చేసిండు. పోసుకుంటనే ఆమె ఒడి నిండుతుంటే చూసి మళ్ల మండింది. వెళ్ళగొడుతున్న మనిషి మీద కూడా మంటనే.

అప్పుడు పక్కింటి రాధమ్మ, పాపం అమాయకంగనే, "రేపు పొద్దుగాల ఏ బస్సుకు పోతవు బిడ్డా?" అని అడిగింది.

జలపతి సారు, పోవుడేంది, ఇంకా మూడు నెలలు ఉంటదన్నడు. ఆడోళ్ళంత ఒక్కసారి తిరిగి చూసిండ్రు. ఒడి నింపినంక ఎట్లుంటదని ఒకామె, పిల్ల తల్లి గదా కీడు మూటగట్టి పంపుతరా అని ఇంకొకామె. సారుకు అప్పుడు తెలిసింది. మా ఇంటాయన దిక్కు చూసిండు. మా ఇంటాయన నా దిక్కు చూసిండు. నీల ఎవరి దిక్కు చూడలేదు, ఒడిలున్న బియ్యం చూసుకున్నది. తర్వాత మెల్లగ తలెత్తి నన్ను చూసింది. నవ్వు పోలేదు గాని, దాని వెనుక ఉన్న మనిషి మారిపోయింది.

తెల్లారి బస్టాండుకు నేను పోయిన. పోకుంట ఉండలేను. ఎవరు పోతున్నా బస్సు కదిలేదాక నిలబడాలె, అది నా జబ్బు. జలపతి సారు టికెట్టు కోసం పోయిండు. సంచుల మధ్యన మేమిద్దరమే.

"ఆ గది మీదని స్వరూప రాత్రి చెప్పింది. మీరు రోజూ పైకి వెళ్ళడం చూసేదట" అన్నది నీల. "నన్ను అడిగి ఉంటే ఇచ్చేసేదాన్ని పెద్దమ్మా."

"అడుగుడు నాకు రాదు బిడ్డా" అన్న.

"నాకూ రాదు. ఇంట్లో మూడేళ్ళు బతిమాలితే ఈ మూడు నెలలు దొరికాయి. మళ్ళీ ఎప్పుడు దొరుకుతాయో" అన్నది. కోపంగ అనలేదు. కోపంగ అంటే మంచిగుండేది.

బస్సు వేములవాడ దిక్కు తిరిగింది. నేను ఆడనే ఉన్న. ఆమెను కాకినాడకు పంపిన్ననుకున్న. కాదు, ఇంకో పొయ్యి కాడికి పంపిన. ఆ పొయ్యి కాడ ఆమె అత్త ఉంటది, మొగడు ఉంటడు, ఎప్పుడొస్తవని ఎదురుచూసిన అంట్లు ఉంటయి. నా అర్ర తీసుకున్నది ఆమె కాదు. ఇచ్చినోళ్ళను నేనొక్క మాట అనలేదు, చాయ్ పోసిన. గొళ్ళెం తీయించింది మాత్రం ఒక ఆడదానితోని.

ఇంటికి పోలేదు. గ్యాసు సంగతి కూడా యాదికి రాలేదు. సీదా మ్యూజియం మెట్లెక్కిన. మంచం మీద మూట ఉన్నది. ఒడిబియ్యం. పసుపు బియ్యం, కుడుకలు, కనుము, అన్ని మా రాధమ్మ కట్టిన ముడి కట్టినట్టే ఉన్నది. ఆమెకు తెల్వదు, బరువని ఇడిసిపెట్టి పోయింది. మా దాంట్ల ఎవరూ అట్ల చెయ్యరు. ఒడిబియ్యం ఇడిసిపెట్టి పోతే ఆడబిడ్డ పోనట్టే లెక్క. నేను ఆ మూట పక్కన కూసొని, పొద్దెక్కేదాక దూలాల దిక్కు చూసిన. దూలాలల్ల ఏముంటదో అప్పుడు తెలిసింది. ఏం ఉండదు. అందుకే మనిషి చూస్తది.

మాపటికి మా ఇంట్ల మళ్ల కమిటీ ముచ్చట. ఇంకో ఆర్టిస్టు దొరికేదాక ఆ పై అర్రల కుర్చీలు, మైకు సామాను వేద్దామని మా ఇంటాయన అంటున్నడు. జలపతి సారు చాయ్ గ్లాసు అందుకోబోతే నేను ఇయ్యలేదు, చేతిలనే పట్టుకున్న.

"ఆ అర్ర నాకు కావాలె సారు" అన్న. "ఇంకొకరు వచ్చేదాక. నేను ఆడ ఉంట."

మా ఇంటాయన నవ్విండు. సారు నవ్వలేదు. "నువ్వు ఆడ ఏం చేస్తవు వదినె? బొమ్మలు గీస్తవా?"

"చదువుకుంట."

"చదువుకునేది ఇంట్ల చదువుకోరాదు?" అని మళ్ల సారే అడిగిండు.

"ఇంట్ల చేతులు ఖాళీగ ఉండవు."

సారు గొంతు సవరించుకొని, హన్మండ్లన్నతోని ఒక మాట మాట్లాడి చెప్తనన్నడు. హన్మండ్లన్న ఎదురుంగనే ఉన్నడు, అయినా ఆ మాటనే అన్నడు.

"నీలను పిలిచేటప్పుడు ఆమె మొగనితోని మాట్లాడినవా సారు?" అని అడిగిన. "ఆమెకు అర్ర ఇచ్చిండ్రు, అన్నం పంపిండ్రు. నేను వండి పంపిన. గిప్పుడు నాకు పంపుండ్రి."

గ్లాసు ఆయన చేతిల పెట్టిన. చాయ్ చల్లారింది.

మా ఇంటాయనకు అప్పుడు సమజైంది ఇది పరాచకం కాదని. ఎవరు వండాలె అన్నడు. నాకు ఆ రంది ఉండె, నా నెత్తి మీదిది తీసుకపోయి కోడలి నెత్తి మీద పెడుతున్ననా అని. స్వరూప లోపల్నుంచి బీడీ చాట పట్టుకొనే వచ్చింది. "నన్ను చూడకుండ్రి మామయ్య. నా బీడీలు ఎవరు చుడుతరు? మీకున్నయి చేతులు, మీ కొడుక్కున్నయి. బొమ్మల మస్తు మంచిగ పడ్డయి మీ చేతులు" అన్నది. జలపతి సారు దగ్గినట్టు చేసిండు గాని అది నవ్వే.

తెల్లారి నేను రెండు చీరలు, కండ్లద్దాలు, మోకాళ్ళ మందు సంచిల పెట్టుకున్న. నా సంచి నేను సర్దుకుంటుంటే మాత్రం చూడబుద్ధైంది, అదే వింత. స్వరూప మ్యూజియంకెళ్ళి ఆ మూట పట్టుకొచ్చి నా ముందట పెట్టింది. ముడి విప్పింది.

"పట్టు అత్తమ్మ ఒడి."

"పిచ్చిదానా, పుట్టింటోళ్ళు పోయాలె" అన్న.

"కోరుట్లోళ్ళు ఇగ రారు. నేనే అనుకో." దోసిలితోని పోసింది. పసుపు బియ్యం కొంగుల పడుతుంటే బరువు తెలిసింది. ఆఖరి దోసిలి పోసి, మొఖం పక్కకు తిప్పుకొని అన్నది, "ఇగ ఈ ఇంట్ల ఉండొద్దు నువ్వు. మంచిది గాదు."

మా ఇంటాయన దర్వాజ కాడ నిలబడి చూస్తున్నడు. రెండు గల్లీల అవతలికే గదా అనుకున్నడో ఏమో, పక్కకు జరిగిండు. నేను గడప దాటిన. ఆయన ఎంత దూరం చూసిండో నేను తిరిగి చూడలేదు.

ఆ బియ్యం ఇంకా వండలేదు. పుస్తకాల పక్కన పెట్టిన. బీరువాలు పైకి ఎక్కించిండ్రు, శ్రీశైలం, ఇంకొందరు కలిసి. కుర్చీ కిటికి కాడికి జరుపుకున్న. గొళ్ళెం పెట్టి, పగటి దాక కూసున్న. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినవడ్డది. మోకాళ్ళు ఆయనయి కూడా నొస్తయి, మధ్యన ఒకసారి ఆగిండు. దర్వాజ కొట్టిండు.

"అన్నం తెచ్చిన. జర ముద్దైంది."

కథ మంచి జాగల ఉన్నది.

"ఆడ పెట్టుండ్రి" అన్న. "పని చేసుకుంటున్న."

డబ్బ గచ్చు మీద పెట్టిన చప్పుడు రాలేదు, మెట్లు దిగిన చప్పుడు రాలేదు. "ఏం పని?" అన్నడు ఆఖరికి, నిజంగనే తెల్వక అడిగినట్టు.

నేను పేజీ తిప్పిన.